చెడుగుడు గీత, కోడిపందెం బరి

చిన్నప్పుడు మేం రోజుకి పదిసార్లు చచ్చి పదిసార్లు బతికేవాళ్లం. వరి కోసేసిన చేలో కర్రపుల్లతో గీత గీసి చెడుగుడు మొదలెడితే, కూత ఆగి పట్టుబడ్డవాడు చచ్చినట్టు. గట్టు మీద కూచుని, తన జట్టువాడెవడైనా అవతలివాణ్ని ముట్టుకొచ్చేదాకా కళ్లు విప్పార్చుకుని చూసేవాడు. ముట్టుకొచ్చాడా, వీడు బతికాడు. మట్టి దులుపుకుని మళ్లీ ఆటలోకి వచ్చేసేవాడు. చచ్చాడు, బతికాడు అని పొలమంతా అరుపులే. ఏ తల్లీ ఆ మాటలు విని కంగారుపడలేదు.

ఇప్పుడు వేసవి సెలవుల్లో అదే కాలవగట్టు మీద, కొబ్బరిచెట్ల నీడలో నలుగురు కుర్రాళ్లు ఫోన్లు అడ్డంగా పట్టుకుని కూచుంటారు. "నాక్ అయిపోయేను బావా, రివైవ్ చెయ్యి!" అంటాడొకడు. "ఉండెహె, జోన్ వచ్చేత్తంది. ముందు ఆ ఇంట్లో ఉన్నోణ్ని చూడు," అంటాడు ఇంకొకడు. నాక్ అవడం, రివైవ్ అవడం మా చావుబతుకుల లాంటివే. తేడా అంతా గీతలో ఉంది. చెడుగుడులో గీత కళ్లెదుటే ఉండేది. దాన్ని నా కాళ్లతో నేనే దాటేవాణ్ని. ఫోన్‌లో ఆ గీత ఎక్కడుందో, ఎవరు గీశారో, తాను దాటాడో ఎవరైనా దాటించారో ఆడేవాడికి చాలాసార్లు తెలియదు. ఆన్‌లైన్ ఆటల మీద మన ఊళ్లలో జరిగే వాదనలన్నీ తుపాకుల చుట్టూ, టైం వేస్టు చుట్టూ తిరుగుతాయి. గీత గురించి ఎవరూ అడగరు. అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనని నా నమ్మకం.

రెండు వేరు వేరు సరదాలు ఒకచోట కలవడంతో ఈ చిక్కు పుట్టింది. ఒకటి తిరగడం. ఓపెన్ వరల్డ్ అని పిలిచే ఆటలు కోతికొమ్మచ్చి ఆడే తోట లాంటివి. ఏ కొమ్మ ఎక్కాలో, ఎక్కడ దూకాలో ఎవరూ చెప్పరు. కొండ కనిపిస్తే కొండ ఎక్కవచ్చు, చేపలు పట్టుకుంటూ సాయంత్రం గడిపేయవచ్చు. రెండోది తలపడటం. యంత్రం నడిపే బొమ్మతో కాకుండా, అవతల ఎక్కడో కూచుని ఆడుతున్న మనిషితో పోరు. దీన్నే ఆటగాళ్లు పీవీపీ అంటారు. విడివిడిగా దేనితోనూ పేచీ లేదు. రెండూ ఒకే తోటలో ఉంటే అప్పుడు వస్తుంది ప్రశ్న: తిరగడానికి వచ్చినవాణ్ని తలపడటానికి వచ్చినవాడు అడగకుండా కొట్టవచ్చా? కొట్టి, వాడి దగ్గరున్నదంతా ఎత్తుకుపోవచ్చా?

దాదాపు నాలుగు దశాబ్దాలుగా ఆటలు తయారుచేసేవాళ్లను వేధిస్తున్న ప్రశ్న ఇది. 1986లో లూకాస్‌ఫిల్మ్ సంస్థ కమోడోర్ 64 కంప్యూటర్ల మీద హాబిటాట్ అనే ఆటను పరీక్షగా నడిపింది. బొమ్మల రూపంలో జనం ఒకరినొకరు కలుసుకునే తొలి లోకాల్లో అదొకటి. చిప్ మార్నింగ్‌స్టార్, రాండీ ఫార్మర్ అనే ఇద్దరు దాన్ని తీర్చిదిద్దారు. ఆయుధాలు పెట్టారు. పెట్టగానే దొంగతనాలు, హత్యలు మొదలయ్యాయి. నిజజీవితంలో చర్చి పురోహితుడైన ఒక ఆటగాడు ఆ లోకంలోనే ఒక చర్చి తెరిచి, తన శిష్యులెవరూ ఆయుధం పట్టకూడదు, దొంగతనం చేయకూడదు అని నియమం పెట్టాడు. ఈ చంపుకోవడం నేరమా, ఆటలో భాగమా అని తయారీదారులు జనాన్నే అడిగారు. సగం మంది నేరమన్నారు, సగం మంది అదే ఆటకు అందమన్నారు. చివరికి కుదిరిన రాజీ ఇది: ఊళ్లో ఆయుధాలు పనిచేయవు, పొలిమేర దాటితే పనిచేస్తాయి.

నాకు ఈ కథ ఎంతో ఇష్టం. ఆ తర్వాత వచ్చిన ఆటలన్నీ ఈ పొలిమేర చుట్టూనే తిరిగాయి. ఎవరూ దీన్ని పూర్తిగా దాటి ముందుకు పోలేదు.

1997 సెప్టెంబరులో అల్టిమా ఆన్‌లైన్ వచ్చింది. రిచర్డ్ గారియట్ సృష్టించిన బ్రిటానియా అనే రాజ్యం అది. విడుదలకు ముందే, పరీక్ష దశలో, ఆ రాజ్యానికి రాజుగా గారియట్ స్వయంగా నడిపిన పాత్రను ఒక ఆటగాడు జనం మధ్యలో మంటల మంత్రంతో చంపేశాడు. రాజుకే దిక్కులేని చోట రొట్టెలు కాల్చేవాడికి, గనిలో ఇనుము తవ్వేవాడికి ఏం దిక్కుంటుంది? ఊళ్లలో కాపలావాళ్లు ఉండేవారు. పొలిమేర దాటితే మాత్రం ఎవరినైనా చంపవచ్చు, శవం మీదున్నదంతా దోచుకోవచ్చు. కట్టెలు కొట్టుకోవడానికి అడవికి వెళ్లిన కొత్తవాళ్లను దారికాచి చంపడం కొందరికి రోజువారీ పని అయిపోయింది. హంతకుల పేర్లు ఎర్రగా కనిపించేలా చేశారు, పరువు ప్రతిష్ఠల లెక్కలు పెట్టారు. ఏదీ సరిగా పనిచేయలేదు. 2000లో తయారీదారులు మొత్తం లోకాన్నే రెండుగా చీల్చారు. ఒక భూమిలో ఇష్టం లేనివాణ్ని ఎవరూ కొట్టలేరు, రెండోదానిలో పాత పద్ధతే. ఆ రాజ్యానికున్న ఇద్దరు చందమామల పేర్లే వాటికి పెట్టారు: ట్రామెల్, ఫెలుక్కా. జనంలో ఎక్కువమంది మూటాముల్లె సర్దుకుని ట్రామెల్‌కు వెళ్లిపోయారు. పాత భూమిని ప్రేమించినవాళ్లు ఆటలోని ప్రాణం పోయిందని ఇప్పటికీ బాధపడతారు.

ఈ చీలికకు కారణం ఇంగ్లండులో ఒక పెద్దమనిషి అప్పటికే చెప్పి ఉన్నాడు. రిచర్డ్ బార్టిల్, రాయ్ ట్రబ్‌షాతో కలిసి ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1978లో మడ్ అనే ఆట తయారుచేశాడు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. అక్కడా చంపుకోవడం ఉండేది. 1996లో ఆయన రాసిన వ్యాసంలో ఆటగాళ్లను పేకముక్కల్లా నాలుగు రంగులుగా విడదీశాడు. సంపద, హోదా కూడబెట్టేవాళ్లు డైమన్లు. కొత్త చోట్లు వెతుక్కుంటూ తవ్వుకుపోయేవాళ్లు ఇస్పేట్లు. కబుర్ల కోసం, స్నేహం కోసం వచ్చేవాళ్లు ఆఠీన్లు. ఎదుటివాడి మీద పడేవాళ్లు కళావర్లు. ఒక లోకంలో కళావర్లు పెరిగితే డైమన్లు, ఆఠీన్లు ఖాళీ చేసి వెళ్లిపోతారన్నది ఆయన లెక్క. మేకలన్నీ పారిపోయాక పులికి ఆకలి తప్పదు. పులిజూదం ఆడిన కోనసీమ ముసలాళ్లకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇంతవరకూ విన్నవారికి పీవీపీ అంటేనే పాడు పని అనిపించవచ్చు. అవతలి పక్షం మాట కూడా నిజాయితీగా వినాలి. వాళ్ల మాటలో బలముంది.

ఐస్‌లాండ్ దేశంలో తయారై 2003 నుంచి నడుస్తున్న ఈవ్ ఆన్‌లైన్ చూడండి. వేలాది నక్షత్ర మండలాలున్న అంతరిక్షం అది. కాపలా గట్టిగా ఉన్న చోట్లున్నాయి, అసలు చట్టమే లేని చోట్లున్నాయి. కాపలా ఉన్న చోట కూడా మిమ్మల్ని ఎవరైనా కాల్చవచ్చు. పోలీసులు వచ్చి కాల్చినవాడి ఓడను తప్పకుండా ముక్కలు చేస్తారు. అంటే అక్కడ రక్షణ లేదు, శిక్ష ఉంది. దారిలో దొంగలుంటారు కాబట్టే సరుకు ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చే వర్తకుడికి విలువ. ఓడలు పేలుతుంటాయి కాబట్టే ఓడలు కట్టేవాడికి పని. 2014 జనవరి 27న ఒక కూటమి తన స్థావరానికి కట్టాల్సిన చెల్లింపు తప్పిపోవడంతో అక్కడ మొదలైన యుద్ధం ఇరవై ఒక్క గంటలు సాగింది. ఏడు వేల మందికి పైగా పాల్గొన్నారు. టైటాన్ అనే అతి పెద్ద ఓడలు 75 కూలిపోయాయి. అసలు డబ్బుగా లెక్కగడితే సుమారు మూడు లక్షల డాలర్లు పోయినట్టు. ఓడిపోయేది నిజంగా పోతుందన్న భయమే ఆ లోకానికి బరువిచ్చింది. ప్రమాదం తీసేస్తే అదొక రంగుల పటం అయిపోతుందని వాళ్ల వాదన. కాదనలేను.

దక్షిణ కొరియాలో లీనేజ్ 2 అనే ఆటలో జరిగింది ఇంకా ఆశ్చర్యం. బార్ట్స్ అనే సర్వరు మీద ఒక బలమైన కూటమి కోటలన్నీ పట్టుకుని, పన్నులు పెంచి, ఎదురుతిరిగినవాళ్లను వేటాడింది. 2004లో చిన్నాచితకా ఆటగాళ్లు లేచారు. వేరే సర్వర్ల వాళ్లు కూడా ఇక్కడికొచ్చి కొత్తగా పాత్రలు సృష్టించుకుని, కవచాలైనా లేకుండా చవక కత్తులతో గుంపులు గుంపులుగా మీదపడ్డారు. ఒక్కొక్కడూ ఒక్క దెబ్బకే పోయేవాడు. అయినా వస్తూనే ఉన్నారు. కోట పడింది. అలాంటి కథ ట్రామెల్‌లో పుట్టదు. అన్యాయం చేసే వీలు లేని చోట అన్యాయాన్ని ఎదిరించే వీలూ ఉండదు.

మిగిలిన మధ్యేమార్గాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2004 నాటి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ పోరు సర్వర్లు, మామూలు సర్వర్లు వేరు చేసి, 2018లో దాన్ని ఎవరికి వారు వేసుకునే మీటగా మార్చింది. 2013లో వచ్చిన జీటీఏ ఆన్‌లైన్ గొడవ వద్దనుకునేవాళ్లకు పాసివ్ మోడ్ ఇచ్చింది. వీటన్నింటిలో నాకు బాగా నచ్చినది అల్బియన్ ఆన్‌లైన్ పద్ధతి. 2017లో కంప్యూటర్లకు, 2021లో ఫోన్లకు వచ్చింది. దానిలో నేలకు రంగులున్నాయి. నీలం నేలలో ఎవరూ మీ జోలికి రారు. పసుపులో కొట్టి పడగొడతారు గానీ సరుకు దోచుకోలేరు. ఎరుపులో దోచుకుంటారు, దోచినవాడి పేరు చెడుతుంది. నలుపులో పేరూ లేదు, పరువూ లేదు, పోయింది పోయినట్టే. లాభం మాత్రం నలుపు వైపు వెళ్లేకొద్దీ పెరుగుతుంది. ప్రమాదం కావాలంటే ఉంది, వద్దంటే లేదు. ఎవడి కాళ్లతో వాడే దాటాలి. మా చెడుగుడు గీతకు ఇంతకంటే దగ్గరగా వచ్చిన ఆన్‌లైన్ ఆట నేను చూడలేదు.

మరి మన కాలవగట్టు మీది కుర్రాళ్లు ఆడేది వీటిలో ఏది? ఏదీ కాదు. వాళ్లు ఆడేది ఈ వంశంలో చివర పుట్టిన పిల్ల.

2012లో డీన్ హాల్ అనే ఆయన డేజెడ్ అనే ఆట చేశాడు. 225 చదరపు కిలోమీటర్ల నేల, నడిచే శవాలు, ఆకలి, దాహం. అవతల మనిషి కనిపిస్తే స్నేహితుడో శత్రువో తెలియదు. గంటల తరబడి ఎవరూ కనిపించకపోవచ్చు. కనిపించిన మొదటి మనిషి వెనక నుంచి కాల్చేయవచ్చు. ఐర్లండు వాడైన బ్రెండన్ గ్రీన్ ఆ ఆటనే తీసుకుని, 2000లో వచ్చిన బ్యాటిల్ రాయల్ అనే జపాన్ సినిమా స్ఫూర్తితో, చుట్టూ మూసుకుపోయే వలయాన్ని దానికి చేర్చాడు. అది పెరిగి పెరిగి 2017లో పబ్జీ అయింది. ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పున్న ఎరాంగెల్ దీవి, వంద మంది మనుషులు, చివరికి ఒక్కడు లేదా ఒక్క జట్టు.

ఎనిమిది కిలోమీటర్లంటే సైకిలు మీద అరగంట. పిల్లాడికి ఆ నేల పెద్దదే. కొండలున్నాయి, వంతెనలున్నాయి, పొచింకి లాంటి ఊళ్లున్నాయి. చూడటానికి ఓపెన్ వరల్డే. కానీ ఆ మూసుకుపోయే వలయం, అంటే జోన్, మొదలైన నిమిషం నుంచి ఆ తోట తోటగా ఉండదు. జోన్ నీలం గోడ దగ్గరకొస్తుంటే కొండ అందం ఎవడికి కావాలి? మా లంకల్లో గోదావరి వరదకు నేల తగ్గిపోతుంటే జనం ఒకే గట్టు మీదకు చేరి ఉన్న అన్నం పంచుకుంటారు. 2022 జులై వరదలోనూ అదే జరిగింది. ఆ ఆటలో నేల తగ్గేదే చంపుకోవడానికి. ఇది తప్పని నేననను. దానికీ ఒక న్యాయముంది. అందరూ ఒకే విమానంలోంచి ఖాళీ చేతులతో దూకుతారు, ఓడితే పోయేది అరగంట మాత్రమే. తర్వాతి మ్యాచ్‌లో మళ్లీ అందరూ సమానం. అయితే అది బరి, తోట కాదు. మన పిల్లలకు ఓపెన్ వరల్డ్ పేరుతో బరి ఒక్కటే పరిచయమైందన్నదే నా బాధ.

అదెలా జరిగిందో కొంచెం వివరంగా చెప్పాలి. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది, డేటా చవకైంది. 2018లో ఫోన్లకు పబ్జీ వచ్చింది. అల్టిమా, ఈవ్ లాంటివి ఆడాలంటే కంప్యూటరు కావాలి, చాలావాటికి నెలనెలా చందా కట్టాలి. కొత్తపేటలో నర్సరీ పనికి వెళ్లేవాడి ఇంట్లో కంప్యూటరెక్కడిది? ఫోనుంది. పబ్జీ ఉచితం. దానికీ ఫోన్ సరిపోనివాళ్లకు ఫ్రీ ఫైర్ ఉంది. యాభై మంది, పది నిమిషాలు, చవక ఫోన్‌లోనూ నడుస్తుంది. జేబుకు సరిపడ్డదే ఆడారు. ఆ నేలను పేదరికం ఎంచింది, పిల్లాడు కాదు.

అందులోనూ ఒక మంచి జరిగింది. దాన్ని మన పెద్దలు గమనించలేదు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఎన్నో ఇళ్లలో ఒకరో ఇద్దరో గల్ఫ్‌లో ఉంటారు. కువైట్‌లో రాత్రి ఎనిమిదంటే ఇక్కడ పదిన్నర. డ్యూటీ దిగిన మేనమామ అక్కడి నుంచి, పదో తరగతి మేనల్లుడు ఇక్కడి నుంచి ఒకే స్క్వాడ్‌లో దిగగలిగేవారు. వీడియో కాల్‌లో "తిన్నావా, చదువుతున్నావా" అన్న రెండు ప్రశ్నలతో మాటలైపోయే మామాఅల్లుళ్లు, మ్యాచ్‌లో అరగంట ఏకధాటిగా మాట్లాడుకునేవారు. "వెనకాల చూడ్రా" అని మామ, "నీకు మందు తెత్తన్నాను, కదలకు" అని అల్లుడు. మామను భుజాన వేసుకుని కాపాడే వయసు నిజజీవితంలో ఆ పిల్లాడికి ఇంకా రాలేదు. ఆటలో వచ్చింది.

ఆ తలుపు 2020 సెప్టెంబరు 2న మూసుకుంది. చైనాతో జరిగిన గల్వాన్ ఘర్షణ తర్వాత కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో పబ్జీ ఒకటి. 2021 జులైలో క్రాఫ్టన్ సంస్థ బీజీఎంఐ పేరుతో దాన్నే మళ్లీ తెచ్చింది, మన దేశంలో ఉన్నవాళ్లకు మాత్రమే. ప్రపంచమంతా ఆడే పబ్జీకీ దానికీ వంతెన లేదు. మామ ఆ ఒడ్డున, అల్లుడు ఈ ఒడ్డున ఉండిపోయారు. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయింది, దాని అన్న ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం ఉండిపోయింది. 2022 జులై 28న బీజీఎంఐని తీసేశారు, 2023 మేలో మళ్లీ అనుమతించారు. ఈ రాకపోకలన్నిటికీ ప్రభుత్వం చెప్పిన కారణం దేశ భద్రత, సమాచార భద్రత. ఆట లోపల గీత ఎలా ఉంది, ఎవరు ఎవరిని ఎలా కొట్టవచ్చు అన్న ప్రశ్న ఏ ఉత్తర్వులోనూ కేంద్రంగా లేదు. 2022 మే 24 నాటి అమలాపురం అల్లర్ల తర్వాత జిల్లాలో నెట్ ఆపేసినప్పుడైతే ఆటతో పాటు అన్నీ ఆగిపోయాయి. లోకం ఎంత విశాలమైనదైనా దాని మీట ఎక్కడుందో ఆ రోజుల్లో కోనసీమ పిల్లలకు తెలిసింది.

చట్టంలోనూ చాలాకాలం కలగాపులగమే. 1960లలో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నేర్పు మీద ఆధారపడిన ఆటగా తేల్చింది. నేర్పా, అదృష్టమా అన్న ఆ ఒక్క కొలబద్దతోనే అప్పటినుంచి అన్ని ఆటలనూ తూచారు. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ తమ చట్టాలు సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం మొదటిసారి ఒక మంచి పని చేసింది. డబ్బు పందెం ఆటలు వేరు, ఈ-స్పోర్ట్స్ వేరు, కాలక్షేపం ఆటలు వేరు అని స్పష్టంగా విడదీసింది. మొదటిదాన్ని నేర్పున్నా లేకున్నా నిషేధించింది. ఆ విభజన సరైనదే. నేను దానికి ఇంకొక కొలబద్ద చేర్చమంటాను. దానికోసం మళ్లీ మా ఊరికే రావాలి.

సంక్రాంతికి మా దగ్గర రెండు రకాల పోరు చూడవచ్చు. ఒకటి కోడిపందెం. హైకోర్టు వద్దన్నా, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉన్నా, తోటల్లో బరులు వెలుస్తూనే ఉన్నాయి. అక్కడా నియమాలకు లోటు లేదు. బరువూ ఎత్తూ చూసి జోడీ కడతారు. డేగ, కాకి, నెమలి అని రంగులు చూస్తారు. ఏ రంగు ఏ వేళ గెలుస్తుందో శాస్త్రం చెబుతారు. చుట్టూ వేలమంది. పల్నాటి యుద్ధం రోజుల నుంచీ ఉన్న ఆటేనని గర్వంగా చెప్పుకుంటారు. అన్నీ ఉన్నాయి. ఆ పుంజును మాత్రం ఎవరూ అడగలేదు. కాలికి కత్తి కట్టింది ఒకడు, బరిలో వదిలింది ఒకడు, డబ్బు గెలిచింది ఇంకొకడు. చచ్చిన పుంజు బతకదు.

రెండోది చెడుగుడు. గీత కనిపిస్తుంది. నా ఇష్టంతో దాటుతాను. చచ్చినా బతుకుతాను. గెలుపు ఆడినవాడిదే, గట్టు మీద కూచుని పందెం కాసినవాడిది కాదు. ఈ నాలుగూ ఉంటే అది ఎంత మోటు ఆటైనా ఆటే. లేకపోతే తుపాకీ లేకపోయినా, రక్తం ఆకుపచ్చగా చూపించినా కోడిపందెమే. బీజీఎంఐ వచ్చిన కొత్తలో రక్తం రంగు మార్చారని అందరూ చెప్పుకున్నారు. రంగు మారితే గీత మారుతుందా?

ఈ నాలుగిటితో మన పిల్లల ఆటల్ని తూచి చూద్దాం. కొత్తవాడికి మొదట్లో యంత్రం నడిపే బాట్‌లను ఎదురుపెట్టి తర్వాత సమానుల్ని ఇవ్వడం జోడీ కట్టడమే, మంచిదే. రెండు జీబీ ఫోన్ పట్టుకున్న అంబాజీపేట కుర్రాణ్ని, ఖరీదైన ఐప్యాడ్ మీద ఆడేవాడి ముందు దింపడం జోడీ కాదు. వాడు ఫోన్ ఆలస్యం, అంటే ల్యాగ్ వల్ల చచ్చిపోయి తన చేతగానితనం అనుకుంటాడు. మైకులో ఆడపిల్ల గొంతు వినిపించగానే మ్యాచ్ వదిలేసి ఆమె మీద పడే నీచపు మాటలు ఏ గీతకూ లోబడనివి. అందుకే చాలామంది అమ్మాయిలు మైకు ఆపేసుకుని ఆడతారు, లేదా ఆడటమే మానేస్తారు. బార్టిల్ లెక్కలో ఖాళీ చేసి వెళ్లిపోయే ఆఠీన్లలో వాళ్లు మొదటివాళ్లు. ఈ దెబ్బకు తుపాకీ అక్కర్లేదు, రివైవ్ కూడా లేదు. వాగుడుకు శిక్ష వెంటనే పడాలి, ఈవ్ పోలీసుల్లాగా తప్పకుండా పడాలి.

ఇక డబ్బు. తుపాకీకి రంగులు, పాత్రకు బట్టలు కొనుక్కునేందుకు మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్యలో పెట్టెలు తెరిపిస్తారు. ఏమొస్తుందో తెలియకుండా డబ్బు పెట్టడం సంక్రాంతి గుండాటకు తోబుట్టువు. బీజీఎంఐలో పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు రోజుకు మూడు గంటలు, ఖర్చుకు రోజుకు ఏడు వేలు హద్దు పెట్టారు. గంటల హద్దు సరే. రోజుకు ఏడు వేలన్నది కొబ్బరి దింపు కూలీ ఇంట్లో హద్దు అనిపించుకుంటుందా? దానికంటే పెద్ద ప్రమాదం కస్టమ్ రూములు. ఇరవై, యాభై రూపాయల ఎంట్రీ ఫీజు ఫోన్‌లో పంపించి, గెలిచినవాడికి మొత్తం ఇచ్చే చిన్న చిన్న టోర్నమెంట్లు ఊళ్లలో వాట్సాప్ గ్రూపుల మీద నడుస్తాయి. నిర్వాహకుడు డబ్బుతో మాయమైతే అడిగేవాడుండడు. చెడుగుడు ఆడటానికి వచ్చిన కుర్రాడు తనకు తెలియకుండానే బరిలో పుంజు అయిపోయేది అక్కడే. తల్లిదండ్రులు భయపడాల్సింది ఆ గుమ్మం దగ్గర. ఎరాంగెల్ దీవి మీద తుపాకుల్ని చూసి కాదు.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పబ్జీ మొబైల్‌ను పతకాల ఆటగా పెట్టారు. ఆటగాళ్లు ఒకరినొకరు కాల్చుకోకుండా, గురి పలకల్ని కాల్చుకుంటూ పోటీపడేలా దాన్ని మార్చేశారు. అవే క్రీడల్లో, అక్టోబరు 7న, మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్‌లో స్వర్ణం గెలిచాడు. ఆ స్మాష్ ఎదుటివాడి ఒంటి మీదకే వస్తుంది. ఎవరూ దాన్ని హింస అనలేదు. నెట్టు ఇవతలా అవతలా ఉన్న నలుగురూ ఆ కోర్టులోకి తమ ఇష్టంతో వచ్చారు. పోరును పలకల మీదకు మళ్లించాల్సిన పని పబ్జీకి కూడా లేదని నా అభిప్రాయం. మనిషితో మనిషి తలపడటంలో ఉన్న తెలివి, ధైర్యం, జట్టు కోసం ఆగడం పలకతో రావు.

నా తీర్పు ఇది. అడగకుండా కొట్టి దోచుకునే ఓపెన్ వరల్డ్, ఏ హెచ్చరికా లేకుండా పిల్లల ముందు పెట్టకూడదు. పూర్తిగా పోరు తీసేసిన లోకమూ పరిష్కారం కాదు. రంగు గీతలున్న అల్బియన్ దారి మేలు. దొంగకు శిక్ష తప్పని ఈవ్ దారి పెద్దవాళ్లకు మేలు. బ్యాటిల్ రాయల్ న్యాయమైన బరే, కానీ పిల్లాడు చూసే లోకమంతా అదే కాకూడదు. పందెం డబ్బు తగిలిన ఏ ఆటా, ఎంత నేర్పున్నా, ఆట కాదు.

కోనసీమ తల్లిదండ్రులకు నాదొక విన్నపం. ఈసారి సెలవుల్లో ఫోన్ లాక్కునే ముందు ఒక్క మ్యాచ్ పిల్లాడి పక్కన కూచుని చూడండి. ఎవరితో ఆడుతున్నాడో అడగండి. డబ్బు ఎక్కడైనా కట్టాడేమో అడగండి. చనిపోతే మళ్లీ ఎలా బతుకుతాడో చెప్పమనండి. చెప్పడం అయ్యాక సాయంత్రం వాణ్ని చేలోకి తీసుకెళ్లి, చేతికి ఒక కర్రపుల్ల ఇచ్చి గీత గీయమనండి.